బుస్సీ దొర రెండో రాక

విజయనగరంలో ఫ్రెంచి బేకరీ తెరిచారు. ఫ్రెంచివారు మన ప్రాంతానికి రావడం ఇది మొదటిసారి కాదు. 1753లో నిజాం సలాబత్ జంగు శ్రీకాకుళం సర్కారును మరో మూడు సర్కార్లతో కలిపి వారి చేతిలో పెట్టాడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ దొర ఫిరంగులు విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజుగారి సేనలకు తోడై బొబ్బిలి కోటను ఏం చేశాయో ఇక్కడ వివరించను, ఎందుకంటే మా ఆవిడది బొబ్బిలి. మరుసటి ఏడాదే విజయరామరాజుగారి వారసుడు ఆనంద గజపతిరాజుగారు ఆంగ్లేయులను పిలుచుకువచ్చి, చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి సాగనంపారు. అలా సాగనంపినవారిని, రెండున్నర శతాబ్దాలు దాటాక, విజయనగరం కోటకు కూతవేటు దూరంలో ఏసీ పెట్టి, గుమ్మానికి నీలిరంగు వేసి మనమే మళ్లీ పిలుచుకున్నాం. ఈసారి వారి వెంట ఫిరంగి లేదు, రొట్టె ఉంది. ఆ రొట్టెను చేత్తో తట్టి చూశాక మాత్రం, బొబ్బిలివారి పట్ల నాకు గౌరవం మరింత పెరిగింది.

మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లింది మా బావమరిది. అతడు పది రోజుల యూరప్ యాత్రలో రెండు రాత్రులు పారిస్‌లో గడిపి వచ్చినందువల్ల, మా బంధువర్గంలో ఫ్రెంచి నాగరికతకు సంబంధించిన తుది తీర్పులన్నీ ప్రస్తుతం అతడివే. ఆ ప్రాంగణంలో సగం బేకరీ, సగం బిస్ట్రో, అనగా ఫ్రెంచి పద్ధతి చిన్న భోజనశాల. అంటే సగం నిలబడి చూసేది, సగం కూర్చుని చూసేది. మే నెల ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మేము బేకరీ వైపు నుంచి లోపలికి ప్రవేశించి, రెండు వందల నలభై రూపాయల క్రోసాన్‌తో కార్యక్రమం ప్రారంభించాం.

క్రోసాన్ గురించి పాఠకులకు కొంత చెప్పాలి. దాని పూర్వీకుడు ఆస్ట్రియావాడు. 1830ల చివర్లో ఆగస్ట్ జాంగ్ అనే ఆయన వియన్నా నుంచి వచ్చి పారిస్‌లో బేకరీ పెట్టి నెలవంక రొట్టెను అలవాటు చేస్తే, పొరల విద్యను ఆ తర్వాత ఫ్రెంచివారు దానికి అద్దారు. పిండి మధ్యలో వెన్న పలకను పెట్టి, మూడేసి మడతల చొప్పున మూడుసార్లు మడిస్తే ఇరవై ఏడు వెన్న పొరలు ఏర్పడతాయి. పొయ్యిలో పెట్టినప్పుడు వెన్నలోని నీరు ఆవిరై ఒక్కొక్క పొరను పైకి లేపుతుంది. మడత పెట్టేటప్పుడే వెన్న కరిగిందా, పొరలన్నీ ఉమ్మడి కుటుంబమైపోతాయి. మే నెలలో, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో, వెన్నను ఆ స్థితిలో నిలబెట్టడం సామాన్యులకు సాధ్యం కాదు. నా ముందున్న క్రోసాన్‌ను కోసి పొరలు లెక్కపెట్టాను. ఒకటి వచ్చింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఫ్రాన్సులోని బేకరీల్లో క్రోసాన్ తిన్నగా ఉంటే వెన్నతో చేసినదనీ, కొనలు లోపలికి వంగి ఉంటే మార్జరీన్ అనే వెన్న నకలుతో చేసినదనీ చాలాకాలంగా వాడుక. మాకు వచ్చినది విదియ చంద్రుడిలా చక్కగా వంగి ఉంది. ఈ విషయాన్ని మేనేజరు దృష్టికి వినయంగా తీసుకువెళ్లగా, ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఆథెంటిక్ బటర్ సార్, ఆ షేపే గ్యారంటీ" అన్నారు. చేసేది లేక దాన్ని కాఫీలో ముంచబోయాను. బావమరిది నా మణికట్టు పట్టుకుని, "బావా, అందరూ చూస్తున్నారు, ఫోర్కుతో తినండి" అన్నాడు. ఫోర్కు గుచ్చి కత్తితో నొక్కితే, దాని కొన తెగి, గాలిలో ఒక చుట్టు తిరిగి, పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి సూపులో పడింది. ఆయన దాన్ని సూపులో భాగమే అనుకుని తినేశారు. ఆయనకు ఆ రాత్రి మాకంటే ఒక ముక్క ఎక్కువే దక్కింది.

పారిస్‌లో పొద్దున్నే క్రోసాన్‌నో, వెన్న రాసిన రొట్టె ముక్కనో పాలకాఫీలో ముంచుకుని తినడం ఇంటింటి అలవాటు. మన వీధి చివర టీ బడ్డీలో బన్ను ముంచినట్టే ముంచుతారు. ఫోర్కు గుచ్చేవాడు అక్కడ దొరకడు. ఈ ముక్క బావమరిదితో అంటే, తాను బస చేసిన హోటల్లో ఎవరూ ముంచలేదన్నాడు. ఆ హోటల్లో ఉన్నవాళ్లంతా అతడి టూరు బస్సువాళ్లే.

తర్వాత బిస్ట్రో వైపు కూర్చున్నాం. 1814లో పారిస్‌లో దిగిన రష్యన్ సైనికులు 'త్వరగా, త్వరగా' అనే అర్థంలో 'బిస్త్రా' అని అరవడం వల్ల ఈ మాట పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను, ఎందుకంటే మా ఉల్లిపాయ సూపు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. న్యాయంగా చెప్పాలంటే ఉల్లిపాయలు సన్నటి సెగ మీద తేనెరంగు తిరగడానికే ముప్పావుగంట కావాలి. పారిస్‌లోని లెజాల్ బజారులో తెల్లవారుజామున బస్తాలు మోసే కూలీలు కడుపులో వెచ్చగా ఉంటుందని తాగిన సూపు అది. అసలు వంటకంలో ఎముకల రసం పోస్తారు. ఇక్కడివారు మన ఆచారాలను మన్నించి, దాని బదులు వేడినీళ్లు పోశారు.

ఆ పైన రాటటూయ్ వచ్చింది. పెద్ద పళ్లెం, మధ్యలో అరచేతి వెడల్పున కూర, చుట్టూ ఎవరో వేలితో గీసినట్టు ఎర్రటి గీత. మా ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "వంకాయ టమాటా" అంది. కాసేపాగి, "ముక్కలు ఉప్పునీళ్లలో వెయ్యలేదు, కనరెక్కింది" అని కూడా అంది. ఇది నీస్ పట్టణపు వంటకమనీ, బీరకాయలాంటి జుకినీ కూడా ఇందులో ఉందనీ బావమరిది వివరించాడు గానీ, తీర్పు వెలువడ్డాక వాదనలు విని ప్రయోజనమేముంది?

అప్పుడే వడ్డించే కుర్రాడి ముఖంలోకి ఆవిడ పరకాయించి చూసింది. అంతవరకూ అతడు మాతో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. లోపలికి రాగానే "బాన్‌స్వార్" అని కూడా అన్నాడు.

"నువ్వు రామతీర్థం పిన్ని మనవడివి కాదేటి?" అంది ఆవిడ.

కుర్రాడు మేనేజరు వైపు ఒకసారి చూసి, వంగి నీళ్లు పోస్తున్నట్టు నటిస్తూ, "అవునత్తా. ఏటి, మీరిక్కడికొచ్చినారు? కడుపు నిండదు. ఆ వంకాయది వొదిలీండి, పొద్దున్నది" అన్నాడు. వెంటనే నిటారుగా నిలబడి, "ఎనీథింగ్ ఎల్స్, మేడమ్?" అన్నాడు.

ఇక బిల్లు. రొట్టెల బుట్టకు నూట ఎనభై, సీలు వేసిన నీళ్ల సీసాకు నూట ఇరవై, మొత్తం మీద సర్వీసు ఛార్జీ పది శాతం, ఆ పైన జీఎస్టీ ఐదు శాతం. జీఎస్టీ మీద నాకు ఫిర్యాదు లేదు, అది ఢిల్లీవారి వ్యవహారం. మిగిలినవాటి విషయంలో నేను ఫ్రెంచి ప్రభుత్వం తరఫున మాట్లాడదలిచాను. ఆ దేశంలో 1967 నాటి ఉత్తర్వు ప్రకారం, భోజనం చేసేవాడికి రొట్టెకూ కుళాయి నీళ్లకూ విడిగా ఖరీదు కట్టకూడదు. సర్వీసు సొమ్ము మెనూ అట్టమీద రాసిన ధరలోనే కలిసి ఉంటుంది, విడిగా కలపరు. 1993లో తెచ్చిన ఆజ్ఞ ప్రకారం, 'సంప్రదాయ రొట్టె' అని పేరు పెట్టాలంటే పిండి, నీరు, ఉప్పు, పులిపించే పదార్థం తప్ప దాదాపు మరేదీ కలపకూడదు. బగెట్ అనే పొడవాటి కర్రలాంటి రొట్టెను చేసే విద్యకు 2022లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అంత ఘనమైన రొట్టెను అక్కడివాడు చంకలో పెట్టుకుని, దారిలోనే కొన కొరుక్కుంటూ ఇంటికి పోతాడు. బల్ల దగ్గర పళ్లెంలో కాకుండా గుడ్డ మీదే పెట్టుకుంటాడు. చివర పళ్లెంలో మిగిలిన రసాన్ని ఆ రొట్టెతోనే నున్నగా తుడుచుకు తింటాడు. నేను అదే పని చెయ్యబోతే, నా పళ్లెం నా చేతికింద నుంచే తీసుకుపోయారు.

ఈ పరిశోధన ఫలితంగా నేను ఒక నిర్ణయానికి వచ్చాను. విజయనగరం జిల్లాలో అసలైన ఫ్రెంచి బిస్ట్రో ఏదైనా ఉంటే, అది మా ఆఫీసు వెనక సందులోని మెస్సే. అక్కడ గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో 'ఈ రోజు: గుత్తి వంకాయ' అని రాస్తారు, పారిస్‌లోనూ పలక మీద ఆ రోజు వంటకాన్ని ఇలాగే రాసి 'ప్లా ద్యు జూర్' అంటారు. అక్కడా యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుని రోజూ వచ్చేవాళ్లను పేరు పెట్టి పలకరిస్తాడు. నీళ్లు ఉచితం. చారు ఎన్నిసార్లయినా పోస్తారు. ఆకును వేలితో తుడుచుకు తింటే ఎవరూ తల తిప్పి చూడరు సరికదా, యజమాని సంతోషిస్తాడు కూడా. ఇన్ని సంవత్సరాలుగా అరవై డెబ్భై రూపాయలకు ఫ్రెంచి భోజనం చేస్తూ కూడా, ఆ సంగతి తెలియక మేము దాన్ని మెస్సు అంటున్నాం. కొత్తగా వచ్చిన బిస్ట్రోవారు ఫ్రాన్సులో లేనివాటినే ఏరి, ఒక్కొక్కదానికీ ధర కట్టి ఇస్తున్నారు. వారి శ్రమను నేను తక్కువ చెయ్యను. లేనిదాన్ని సమకూర్చడం ఉన్నదాన్ని వండడం కంటే కష్టం.

కుర్రాడి మాట పొల్లుపోలేదు. తొమ్మిదిన్నరకు మూడు లాంతర్ల దగ్గర ఒక బండి ముందు ఆగి, నాలుగు ప్లేట్ల పునుగులు చెప్పాం. అడక్కుండానే రెండోసారి చట్నీ వేశాడు. బావమరిది పునుగును చట్నీలో పూర్తిగా ముంచి, కారిన బొట్టును వేలితో తుడుచుకు నాకాడు. ఈసారి ఎవరు చూస్తున్నారో అతడు గమనించలేదు. పారిస్‌లో 1896 నుంచి నడుస్తున్న బుయ్యోన్ షార్తియే అనే భోజనశాలలో వడ్డించేవాడు లెక్కంతా బల్ల మీద పరిచిన కాగితం మీదే రాస్తాడు. మా బండివాడు చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, పునుగులు పెట్టిన పేపరు ముక్క అంచున కూడిక వేసి మా ముందుకు తోశాడు. నూనెకు తడిసిన అంకెలు సరిగ్గా ఆనలేదు గానీ, మొత్తం నూట అరవై అని వచ్చింది. ఆ కాగితాన్ని మా బావమరిది రెండు మూడు కోణాల నుంచి ఫొటోలు తీసుకున్నాడు.