త్రెవూ పత్రికను చదవకుండానే కొట్టిపారేసేవాళ్లకు

ఐరోపా జ్ఞానోదయం (18వ శతాబ్దంలో తర్కానికి, విజ్ఞానానికి పెద్దపీట వేసిన ఆలోచనా ఉద్యమం) గురించి వాట్సాప్‌లో ఒక పోస్టు తరచూ తిరుగుతుంటుంది. దాని సారం ఇదీ: “18వ శతాబ్దపు కథోలిక పత్రికలన్నీ మతప్రచార కరపత్రాలే. ఎదుటివాడి మాట ఒక్కటీ అచ్చేయలేదు. దిదెరో ఎన్‌సైక్లోపీడియాకు జవాబు చెప్పలేక నిషేధం తెచ్చారు. చర్చి అంతా ఒకే గొంతుతో కొత్త ఆలోచనలను అడ్డుకుంది.” ఈ నాలుగు మాటల్లో మూడోదానిలో కొంత నిజముంది. మిగతావి నిలబడవు.

కరపత్రాల సంగతి ముందు చూద్దాం. ఆ కాలంలో బాగా పేరున్న కథోలిక పత్రిక ‘మెమ్వార్ ద త్రెవూ’. 1701లో మొదలైంది. మొదట దోంబ్ అనే చిన్న సంస్థానంలోని త్రెవూ ఊళ్లో అచ్చయ్యేది. నడిపింది మాత్రం పారిస్‌లోని లూయీ-ల-గ్రాన్ కళాశాల జెసూట్ గురువులు, అంటే ‘యేసు సభ’ అనే కథోలిక మత సంఘానికి చెందినవాళ్లు. గణితం, వైద్యం, వ్యాకరణం, పాత నాణేలు, ప్రయాణాలు... ఏ విషయం మీద కొత్త పుస్తకం వచ్చినా సమీక్షించేవారు. ఇందులో విరివిగా రాసిన కాస్తెల్ అనే జెసూట్ న్యూటన్ రంగుల సిద్ధాంతంతో పేచీ పెట్టుకున్నాడు. ఆయన పక్షం తప్పే. కానీ సాక్ష్యంగా తెచ్చింది చిత్రకారుల, అద్దకంవాళ్ల అనుభవాన్ని, బైబిల్ వాక్యాలను కాదు. అద్దకం అంటే గుర్తొచ్చింది: ఇదే యేసు సభకు చెందిన కేర్దూ 1742లో కోరమాండల్ తీరం నుంచి, ఇక్కడివాళ్లు బట్టల మీద రంగులేసే పద్ధతిని ఉత్తరంగా రాసి పంపాడు. అది జెసూట్ల ఉత్తరాల సంపుటాల్లో అచ్చయింది. కరక్కాయ, గేదె పాలు, అన్నీ ఉన్నాయందులో. కలంకారీ పనివాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు.

ఎదుటివాడి మాట అచ్చేయలేదా? జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ లూథరన్, అంటే కథోలికుడు కాని ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. దేవుడున్నాడనడానికి ఫ్రెంచ్ తత్వవేత్త డేకార్ట్ చూపిన రుజువులో లోపముందని ఆయన రాసింది 1701లో ఈ పత్రికలోనే వచ్చింది. 1703లో సంపాదకుడు తూర్నెమీన్ ఆత్మకూ శరీరానికీ ఉన్న సంబంధం గురించి రాస్తూ లైబ్నిజ్ వాదాన్ని ప్రశ్నించాడు. దానికి లైబ్నిజ్ ఇచ్చిన సమాధానాన్ని 1708లో అచ్చేసిందీ ఇదే పత్రిక.

ఇక ఎన్‌సైక్లోపీడియా, అంటే ఫ్రెంచ్ రచయిత దిదెరో సంపాదకుడిగా సంపుటాలుగా వచ్చిన విజ్ఞాన సర్వస్వం. 1751 జనవరిలో అప్పటి సంపాదకుడు బెర్తియే, ఆ పుస్తకం రాబోతోందని దిదెరో ముందుగా వేసిన ప్రకటన పత్రాన్ని సమీక్షిస్తూ అందులోని ‘జ్ఞాన వృక్షం’ (విద్యలన్నిటినీ కొమ్మలుగా విభజించిన పటం) చాలావరకు ఆంగ్ల తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్‌దేనని ఎత్తిచూపాడు. బేకన్‌కు రుణపడి ఉన్నానని దిదెరో ముందే ఒప్పుకున్నాడు కాబట్టి అందులో కొంత గిల్లికజ్జా ఉంది. దిదెరో ఊరుకోకుండా బెర్తియేకు బహిరంగ లేఖ రాశాడు. అంతటితో ఆగలేదు. అదే ఏడాది వచ్చిన మొదటి సంపుటంలో బేకన్ విభజననూ తమ విభజననూ పక్కపక్కన పెట్టి, తేడాలు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంపుటాన్ని బెర్తియే నెలల తరబడి వ్యాసం వ్యాసంగా పరీక్షించాడు. పేరు చెప్పకుండా ఎక్కడెక్కడి నుంచి ఎత్తుకొచ్చారో బయటపెట్టాడు. తమాషా ఏమిటంటే, అలా ఎత్తుకొచ్చినవాటిలో బుఫియే రచనలూ ఉన్నాయి. బుఫియే కూడా జెసూటే, పైగా త్రెవూ పత్రికకే రాసినవాడు! ఇంత చేసినవాళ్లను జవాబు చెప్పలేకపోయారని ఎలా అంటాం?

నిషేధం మాత్రం అబద్ధం కాదు. 1752 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రాజు మంత్రి మండలి మొదటి రెండు సంపుటాలను ఆపించింది. దాని వెనక జెసూట్ల ఒత్తిడి ఉంది. 1759లో పోప్ కూడా నిషేధించాడు. వాదనలో దిగినవాళ్లే అధికారాన్నీ ఆశ్రయించారు, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఒకటి జరిగిందని రెండోది జరగలేదనడం చరిత్ర కాదు.

‘ఒకే గొంతు’ అన్నది అన్నిటికన్నా బలహీనమైన మాట. 1728 నుంచి జాన్సెనిస్టులు అనే మరో కథోలిక వర్గం ‘నూవెల్ ఎక్లెసియాస్తిక్’ అనే పత్రికను రహస్యంగా అచ్చేసి పంచేది. దాని మొదటి శత్రువులు జెసూట్లే! పారిస్ పోలీసులు ఎంత వెతికినా దాన్ని ఆపలేకపోయారు. 1749లో ఫ్రెంచ్ రాజకీయ తత్వవేత్త మాంటెస్క్యూ మీద ఘాటుగా విరుచుకుపడిందీ ఇదే. త్రెవూ పత్రిక విమర్శ దానికన్నా మెత్తగా ఉంది. చివరికి 1762లో త్రెవూ పత్రిక జెసూట్ల చేయి జారింది. ఫ్రాన్స్‌లో వాళ్ల సభను రద్దు చేయించిన పారిస్ న్యాయస్థానంలో ముందు నిలిచింది జాన్సెనిస్టు పక్షపు కథోలికులే.