రిజిస్ట్రేషన్ వద్దన్నారు, నియమాలు వద్దనలేదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో నిలబడి నడిపే బ్యాటరీ కిక్ స్కూటర్ ఇప్పుడు వింత వస్తువు కాదు. విద్యార్థి హాస్టలు నుంచి కళాశాల గేటు దాకా, దుకాణంలో పనిచేసే కుర్రవాడు ఇంటి నుంచి బజారు దాకా దీని మీద వెళ్లడంలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. పెట్రోలు ఖర్చు ఉండదు, పొగ ఉండదు, మడిచి మూలన పెట్టుకోవచ్చు. తప్పల్లా ‘లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ అక్కరలేదు’ అన్న అమ్మకందారు మాటను ‘ఏ నియమమూ లేదు’ అని కొన్నవారు అర్థం చేసుకోవడంలోనూ, ఆ అపోహను తొలగించవలసిన యంత్రాంగం మిన్నకుండడంలోనూ ఉంది.

చట్టం చెబుతున్నది వేరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం బ్యాటరీతో నడిచే ద్విచక్ర వాహనం మోటారు వాహనంగా లెక్కకు రాకుండా ఉండాలంటే, దాని మోటారు శక్తి 250 వాట్లకు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపే ఉండాలి. బ్యాటరీని మినహాయించి బరువు 60 కిలోలు మించకూడదు. ఇవన్నీ సరిగా ఉన్నాయని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ పరిశీలించి ధ్రువీకరించి ఉండాలి. ఈ చివరి షరతును తలచుకునేవారే లేరు. మినహాయింపు ఇచ్చేది పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల ధ్రువపత్రమే గాని, దుకాణం ముందు వేలాడే ఫ్లెక్సీ కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే బండ్లలో కొన్నింటి అట్టపెట్టె మీదే 350 వాట్లు, 500 వాట్లు అని అచ్చువేసి ఉంటుంది. చట్టం దృష్టిలో అటువంటిది మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్, బీమా కావాలి, నడిపేవారికి లైసెన్సు, హెల్మెట్ ఉండాలి. నంబరు ప్లేటు బిగించడానికైనా చోటులేని ఆ బండిని ఏ రవాణా కార్యాలయం రిజిస్టరు చేస్తుందన్నది వేరే ప్రశ్న. చేయలేనిదాన్ని రోడ్డు మీద తిప్పడానికని అమ్మడమే అసలు తప్పు. నిబంధనలను మీరి మోటారు వాహనాన్ని అమ్మిన డీలరుకు మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షను కింద బండికి లక్ష రూపాయల జరిమానా గాని, ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలుంది. 25 కిలోమీటర్ల దగ్గర బిగించిన వేగ పరిమితిని ఫోన్ యాప్‌తోనో, చిన్న తీగ కత్తిరించో తొలగించిన మరుక్షణం, ధ్రువపత్రం ఉన్న బండి కూడా ఆ రక్షణను కోల్పోతుందని కొనేవారికి చెప్పేవారు లేరు.

తల్లిదండ్రులు దీన్ని మరింత శ్రద్ధగా గమనించాలి. మినహాయింపు పరిధిలోకి రాని బండిని పదిహేనేళ్ల పిల్లవాడు నడుపుతూ పట్టుబడితే, 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షను సంరక్షకుడికి రూ.25,000 జరిమానాను, మూడేళ్ల వరకు జైలు శిక్షను నిర్దేశిస్తున్నది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. పుట్టినరోజు కానుక అనుకుని కొన్న వస్తువు మీద ఇంత బరువు ఉందని ఎందరికి తెలుసు?

మినహాయింపు నిజంగా వర్తించే బండ్లదీ చిక్కే. వాటికి కనీస వయసు లేదు, బీమా లేదు. ఢీకొన్నది మోటారు వాహనం కానప్పుడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు తలుపు తెరుచుకోదు. కాలు విరిగిన వృద్ధురాలు సివిల్ కోర్టు మెట్లెక్కవలసిందే. పోలీసుల చేతిలో ఏమీ లేదనడం మాత్రం నిజం కాదు. భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షను బహిరంగ మార్గంలో ఎలాంటి వాహనాన్నైనా ప్రాణాపాయం కలిగేలా నడపడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అయితే ప్రమాదం ముంచుకొచ్చాక వాడే సెక్షను రోజువారీ క్రమశిక్షణకు చాలదు.

ఈ బండి చక్రం వ్యాసం సాధారణంగా ఎనిమిదిన్నర అంగుళాలు ఉంటుంది. మోటారు సైకిలు తేలిగ్గా దాటిపోయే గుంతలో అది ముక్కుతో దిగబడుతుంది. కాలువ మీద పరిచిన రెండు రాతిపలకల మధ్య సందులో ఇరుక్కుంటుంది. నిలబడి ఉన్న మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. వానాకాలంలో నీటి కింద గుంత కనిపించదు. రోడ్డు మీద ఇంత అపాయమైతే పాదచారుల బాట మీద నడపనిద్దామా అంటే, సింగపూర్ అనుభవం అడ్డుచెబుతున్నది. ఒక వృద్ధ సైక్లిస్టు మరణం తరువాత ఆ దేశం 2019 నవంబరు 5 నుంచి పాదచారుల బాటల మీద ఈ బండ్లను నిషేధించి, సైకిలు దారులకే పరిమితం చేసింది. మనకు సైకిలు దారులు లేవు. ఉన్న కాస్త ఫుట్‌పాత్ బరంపురం పెద్దబజారులో దుకాణాల సరుకుకే చాలడం లేదు. పారిస్ ప్రజాభిప్రాయం కోరి 2023లో అద్దె స్కూటర్లను పంపించివేసింది. మనకు పనికివచ్చేది జర్మనీ పద్ధతి: అక్కడ 2019 జూన్ నుంచి వేగం 20 కిలోమీటర్లకు, కనీస వయసు 14 ఏళ్లకు నిర్ణయించి, బండి వెనుక చిన్న బీమా స్టిక్కరు తప్పనిసరి చేశారు. లైసెన్సు అడగలేదు గాని, బాధితుణ్ణి గాలికి వదిలేయలేదు.

సరిహద్దు జిల్లాలకు మరో ఇబ్బంది ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కొద్ది కిలోమీటర్ల దూరమే. చదువుకు, వ్యాపారానికి, రైలుకు జనం రోజూ అటూ ఇటూ తిరుగుతారు. కేంద్ర చట్టం రెండు వైపులా ఒకటే అయినా, ఏ వీధిలో తిరగనివ్వాలో, ఏ వయసు నుంచి అనుమతించాలో నిర్ణయించేది రాష్ట్రమూ స్థానిక యంత్రాంగమూ కనుక, గజపతి, శ్రీకాకుళం జిల్లాల అధికారులు వేర్వేరుగా ఆదేశాలిస్తే పౌరుడు నడుమ నలుగుతాడు. ఇద్దరు కలెక్టర్లూ రవాణా అధికారులతో కలిసి కూర్చుని ఒకే నియమం చేయాలని, దాన్ని ఒడియాతో పాటు తెలుగులోనూ ప్రకటించాలని మేము కోరుతున్నాము. ఒడియాలో మాత్రమే అంటించిన నోటీసు చదవలేక జరిమానా కట్టినవారు ఈ ప్రాంతంలో కొత్త కాదు.

యంత్రశక్తి లేని వాహనాల, పాదచారుల రాకపోకలపై 138(1ఎ) సెక్షను కింద ఆరు నెలల్లోగా నియమాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది. ఈ బండి మోటారు వాహనం కాదంటే ఆ నియమావళిలోనైనా దానికి పేరుపెట్టి చోటివ్వాలి. రెండు కోవలకూ చెందదని వదిలేయడం కుదరదు. పదహారేళ్ల కనీస వయసు, హెల్మెట్, ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం, బండికి ఒక్కరే అన్న నిబంధన, 16వ నంబరు జాతీయ రహదారిపై పూర్తి నిషేధం అందులో ఉండాలి. రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరకు కిక్కిరిసే బరంపురం వీధుల్లో ఆ రోజులకు ప్రత్యేక నిషేధం నగరపాలక సంస్థ విధించవచ్చు. రాష్ట్ర నియమాల కోసం ఎదురుచూడకుండా రవాణా అధికారులు రేపే చేయగల పని ఒకటుంది: ఈ బండ్లు అమ్మే ప్రతి దుకాణానికి వెళ్లి పరీక్షా సంస్థ ధ్రువపత్రం చూపమని అడగడం, చూపలేని దుకాణంలో అమ్మకం ఆపించడం.