ఏం చదవడానికి వెళ్తున్నావు?

నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ బయట పొద్దున్నే జనం కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో పాస్‌పోర్టు, ఐ-20 (అమెరికా వర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం), బ్యాంకు లోన్ మంజూరు చేసిన కాగితం, మార్కుల మెమోలు. రోడ్డుకు అవతల తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. ఊళ్లో ఎకరమో, టౌన్లో ప్లాటో తాకట్టు పెట్టి వచ్చినవాళ్లు. లోపల గాజు కిటికీ వెనక ఉన్న అధికారి తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నారు?’ పిల్లాడు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లు, రెండు కోర్సుల పేర్లు. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి బట్టీ పట్టిన జవాబు అది, చాలాసార్లు కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చింది. ఆ కోర్సులో ఏం చెప్తారని ఇంకొక్క మాట అడిగితే గొంతు తడబడుతుంది.

ఆ ప్రశ్న వీసా కిటికీ దాకా ఆగకూడదు. ఇంట్లోనే, లోన్ దరఖాస్తు మీద సంతకం పెట్టకముందే రావాలి.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పదిహేనేళ్ల తర్వాత చైనాను దాటి మొదటి స్థానానికి చేరాం. అందులో తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో ఏ అపార్ట్‌మెంట్లో అడిగినా తెలుస్తుంది. ఎందుకు వెళ్తున్నారంటే వినిపించే మాటలూ తెలిసినవే. సీనియర్లు వెళ్లారు, ఇక్కడ ప్లేస్‌మెంట్ రాలేదు, డాలర్లలో జీతం, అక్క పెళ్లికి చేసిన అప్పు తీరుతుంది. ఈ కారణాలను మేం చిన్నచూపు చూడటం లేదు. కొడుకో కూతురో ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాక ఒడ్డునపడ్డ కుటుంబాలు గుంటూరు నుంచి కరీంనగర్ దాకా వేలల్లో ఉన్నాయి.

కానీ ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. 2025 మే నెలాఖరులో అమెరికా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేసింది. తిరిగి మొదలుపెట్టాక సోషల్ మీడియా ఖాతాలన్నీ చూపించమంది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. అక్కడే చదివి వీసా మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత చెప్పినా ఇళ్లల్లో టెన్షన్ తగ్గలేదు. కెనడా 2024 జనవరిలోనే స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. బ్రిటన్‌లో చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే వీసా 2027 జనవరి నుంచి ఏడాదిన్నరకు తగ్గుతోంది. ఉద్యోగం ఒక్కదాని కోసమే వెళ్లినవాడికి ఆ తలుపు మూసుకుంటే చేతిలో మిగిలేది అప్పు. చదువు కోసం వెళ్లినవాడికి చదువైనా మిగులుతుంది. విదేశీ చదువుకు బలమైన కారణం ఎప్పుడూ చదువే అయి ఉండాలని మేం అంటున్నది అందుకే.

అక్కడి చదువులో అంత ఏముంది? మన ఇంజినీరింగ్ కాలేజీల్లో పరీక్షకు ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ గైడు తిరగేస్తే గట్టెక్కుతాం. ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాస్తాం. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. అదే విద్యార్థి ఓ మంచి విదేశీ వర్సిటీలో చేరితే మొదటి నెలలోనే ఉక్కిరిబిక్కిరి అవుతాడు. వారం వారం అసైన్‌మెంట్, అదీ సొంత మాటల్లో. నాలుగు వాక్యాలు ఎత్తి రాసినా విచారణే. ప్రొఫెసర్ ఫలానా రోజు ఫలానా గంట గది తలుపు తీసి కూర్చుంటాడు, ఎవరైనా వెళ్లి అడగొచ్చు. అడిగినదానికి ‘నాకు తెలీదు, నువ్వే చూసి వచ్చే వారం చెప్పు’ అంటాడు. గురువు నోట ఆ మాట వినడం మన పిల్లలకు చాలామందికి అదే మొదటిసారి. కంప్యూటర్స్ చదివేవాడు సంగీతం కోర్సో చరిత్ర కోర్సో తీసుకునే వీలు ఎన్నో చోట్ల ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ కుర్రాడు ప్రశ్న అడగడానికి జంకడు. జీతంతో కొలవలేని లాభం ఇది.

భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకుందాం. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన ఇంట్లో ప్రాణం తీసింది, తర్వాత ఆయన్నూ పట్టింది. మద్రాసులో వైద్యం చదివినా ఆ జబ్బుకు మందు ఎందుకు లేదన్న ప్రశ్న మిగిలిపోయింది. 1920లలో మామగారి సాయంతో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు వెళ్లారు. ఖర్చులకు ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన కనిపెట్టిన పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. 1940లలో లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూకు మందయింది. ఇంటి నుంచి పట్టుకెళ్లిన ప్రశ్నకు ఆయన పాతికేళ్లు తిరిగి జవాబు పట్టుకున్నారు.

అందరూ సుబ్బారావులు కానక్కర్లేదు. ప్రశ్న ఒకటి ఉంటే చాలు, దేశం ఏదన్నది అదే తేలుస్తుంది. వ్యవసాయం మీద మనసున్న అమ్మాయికి టెక్సస్ కంటే నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ మేలు కావచ్చు. యంత్రాల పిచ్చి ఉన్నవాడికి జర్మనీ ఉంది. అక్కడ చాలా ప్రభుత్వ వర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, ఏడాది ఖర్చులకని 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో) చూపించాలి. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్, జపాన్‌లో మెక్స్ట్ స్కాలర్‌షిప్పులు ఖర్చంతా భరిస్తాయి. అమెరికాలో పీహెచ్‌డీకి సీటు వస్తే సాధారణంగా వర్సిటీయే ఫీజు కట్టి స్టైపెండ్ ఇస్తుంది. మన దగ్గర ఇవి తెలిసినవాళ్లు తక్కువ. కమీషన్ వచ్చే వర్సిటీల పేర్లే కన్సల్టెన్సీల్లో ఎక్కువగా వినిపిస్తాయి.

ప్రశ్న లేకుండా ‘సీటొస్తే చాలు’ అనుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బోగస్ వర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు తొడిగారు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే పన్నిన వల 2019లో బయటపడింది, అందులోనూ మనవాళ్లు చాలామంది చిక్కారు. తరగతులే జరగని చోట చేరడం తప్పని కొందరికి తెలుసు, కొందరు మోసపోయారు. ఏజెంట్లకు కమీషన్ ముందే అందింది, అరెస్టయినవాళ్లలో ఎక్కువమంది పిల్లలే.

ప్రభుత్వాలూ కాలేజీలూ చేయాల్సింది చాలా ఉంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే విద్యానిధి కింద రూ.20 లక్షల దాకా ఇస్తున్నారు. ఆ డబ్బు సెమిస్టర్ మొదలయ్యేలోగా చేతికందాలి, ఆలస్యమైతే పిల్లలు పుస్తకాలు వదిలి పనుల వెంట పడతారు. ఇక అప్పు చేసే స్తోమత లేని వేలమందికి ఇంకో దారి ఉంది. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇక్కడి డిగ్రీలో 30 శాతం దాకా క్రెడిట్లు ఒప్పందం ఉన్న విదేశీ వర్సిటీలో సంపాదించుకోవచ్చు. అంటే ఒకటి రెండు సెమిస్టర్లు బయట చదివి తిరిగి రావచ్చు. దీనికి కాలేజీకి న్యాక్ (విద్యాసంస్థల నాణ్యతను తేల్చే సంస్థ) ఇచ్చే మంచి గ్రేడో, మంచి ర్యాంకో ఉండాలి, రెండు రాష్ట్రాల్లో అలాంటివి తక్కువేమీ లేవు. ఆ నిబంధనలు వాడుకుని ఎంతమందిని పంపారో, పంపకపోతే అడ్డేమిటో మన వర్సిటీల వైస్ చాన్సలర్లు ఈ విద్యా సంవత్సరంలోనే చెప్పాలి.