గౌరవనీయులైన 'ఇదే లాస్ట్ ముద్ద' గారికి

అయ్యా,

నిన్న రాత్రి మీరు మా ఇంట్లో పదకొండు సార్లు కనిపించారు. ప్రతిసారీ ఇదే ఆఖరన్నారు. మావాడికి ఏడాదిన్నరే కదా, లెక్కలు రావని మీ ధైర్యం కాబోలు. నాలుగోసారికే వాడు మూతి బిగించాడు, మొహం పక్కకు తిప్పాడు, నా చెయ్యి తోసేశాడు. కడుపు నిండిందని మాటలు రాని పిల్లాడు ఇంకెలా చెప్పాలి? మీరేమో దాన్ని మారాం కింద జమకట్టి, వాడి ముందు ఫోన్ పెట్టించి, బొమ్మలు చూస్తూ వాడు నోరు తెరిచిన అర సెకనులో లోపలికి దూరిపోయారు. దొంగలు నయం, ఇంట్లోవాళ్లు నిద్రపోయేదాకా ఆగుతారు.

"అప్పుడెంత బాగా తినేవాడు, ఇప్పుడేమైంది?" అని నన్ను రోజూ టెన్షన్ పెట్టేదీ మీరే. మొదటి ఏడాదిలో పిల్లలు పుట్టిన బరువుకి దాదాపు మూడింతలవుతారు. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది సుమారు 2 నుంచి 2.5 కిలోలే, ఆకలీ దానికి తగ్గట్టే తగ్గుతుంది. మొదటి ఏడాది జోరే కొనసాగితే 3 కిలోలతో పుట్టిన మావాడు రెండో పుట్టినరోజుకి 27 కిలోలుండాలి. ఎత్తుకునేది మీరా?

డాక్టర్ దగ్గర మీ పరువు పోయింది లెండి. ఎదుగుదల చార్టులో గీత చక్కగానే ఉందన్నారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది నా పనట, ఎంత తినాలన్నది వాడి పనట, అరగంట దాటితే ప్లేటు తీసేయాలట. తర్వాత పాలెన్ని తాగుతాడని అడిగారు. తినలేదని జాలిపడి పూటపూటకీ పట్టిన సీసాలన్నీ కూడితే ముప్పావు లీటరు తేలింది, అర లీటరు దాటొద్దన్నారు. ఇక ఆకలెక్కడుంటుంది! కొత్త రుచిని రెండుసార్లు ఉమ్మేశాడని నేను మానేసినవీ మళ్లీ పెట్టాలట, పది పదిహేను సార్లు చూశాకగానీ కొన్ని నచ్చవట. బరువు తగ్గినా, మింగేటప్పుడు తరచూ పొలమారినా మాత్రం వెంటనే రమ్మన్నారు. డాక్టర్ చెప్పినవాటిలో మీ పేరెక్కడా లేదు.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, ఇవాళ నేను భోంచేసి లేవబోతుంటే మావాడు తన ప్లేటులోంచి బాగా నలిపిన ముద్దొకటి తెచ్చి నా నోట్లో కుక్కబోయాడు. వద్దని మొహం తిప్పాను. చుట్టూ తిరిగి అటువైపుకొచ్చి, ఎంతో ప్రేమగా, "లాత్తు" అన్నాడు.

ఇట్లు,
మూతి బిగించుకున్న వాళ్లమ్మ