థర్మామీటర్ గారికి ఒక నార్మల్ మనిషి ఉత్తరం

అయ్యా థర్మామీటర్ గారూ,

మీ తీర్పు మీద అప్పీలు లేదని తెలిసే రాస్తున్నాను. మా ఇంట్లో ఎవరికి నిజంగా ఒంట్లో బాగాలేదో, ఎవరిది వట్టి నసుగుడో తేల్చేది మీరే కదా.

మొన్న మా ఆయనకి జలుబు చేసింది. తుమ్ములు, ముక్కు కారడం, గొంతులో గరగర. జలుబు తెప్పించే వైరస్‌లు రెండు వందలకు పైనే ఉన్నాయి. ఏది తగులుకున్నా వారం పది రోజుల్లో చాలావరకు దానంతటదే పోతుంది, పెద్దవాళ్లకి జ్వరం వస్తే గిస్తే కొద్దిగానే. మీరు 99.4 చూపించారు. అంతే, ఆయన మూడు రోజులు మంచం దిగలేదు. యాంటీబయాటిక్ కావాలని ఒకటే గొడవ. వైరస్ మీద అది పనిచేయదంటే, "జ్వరం లేనిదానివి, నీకేం తెలుస్తుంది" అన్నారు.

మా అమ్మాయికి ఫ్లూ వచ్చినప్పుడు మాత్రం మీకు దణ్ణం పెట్టాను. పొద్దున నవ్వుతూ వెళ్లిన పిల్ల సాయంత్రానికి వణుకుతూ వచ్చి పడింది. ఒళ్లంతా చితక్కొట్టినట్టు నొప్పులు, 103 జ్వరం. జలుబు కబురు పెట్టి వస్తుంది, ఫ్లూ తలుపు బద్దలుకొట్టుకుని వస్తుంది.

ఇక నా సంగతి. వయసు 49. అర్ధరాత్రి ఛాతీ దగ్గర సెగ పుట్టి, మెడ మీదుగా మొహానికి ఎక్కుతుంది. గుండె దడ, దిండు తడిసేంత చెమట. నాలుగైదు నిమిషాలకి అదీ పోయి చలి. మిమ్మల్ని నాలుక కింద పెట్టుకుంటే బీప్‌మని 98.4. "నార్మలే, పడుకో" అని మా ఆయన అటు తిరిగారు.

మిమ్మల్ని నమ్మి నేనూ మోసపోయాను లెండి. లోపలి జ్వరమేమోనని వారాల తరబడి పారాసిటమాల్ మింగాను. (లోపలి జ్వరం అనేది ఎవరు కనిపెట్టారో గానీ, మా ఇంట్లో అందరికీ వచ్చింది.) చివరికి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నెలసరి ఎప్పుడొచ్చింది?" పన్నెండు నెలలు వరసగా రాకపోతే మెనోపాజ్ అంటారట. దానికి ముందు కొన్నేళ్లు ఈ ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు, ఊరికే చిరాకు. థైరాయిడ్ కూడా ఇలాంటి వేషాలే వేస్తుందని దానికీ పరీక్ష రాశారు.

ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ మరీ సున్నితమైపోతుందట. వేడి పిసరంత పెరిగినా కొంప అంటుకున్నట్టు కంగారుపడి చెమటలు పట్టించేస్తుందట. అంటే నా తలలోనూ మీ జాతివాడు ఒకడున్నాడు. వాడు నిప్పంటుకుందంటాడు, మీరు నార్మల్ అంటారు. మీలో మీరు ముందే మాట్లాడుకుని ఉంటే నాకు అన్ని మాత్రలు తప్పేవి.

ఉంటాను, మెడ దగ్గర సెగ మొదలైంది. మా ఆయన లేచి మీకోసం సొరుగులన్నీ లాగుతున్నారు. మీరున్న డబ్బా నా దిండు కింద ఉంది. కూత పెట్టకండి. ఆయన్ని కిటికీ తెరవమన్నాను.

ఇట్లు,
98.4