ధ్యానానికి అరగంట ఎక్కడి నుంచి తెచ్చారు?

ధ్యానం పనిచేస్తుందా లేదా అన్న విషయంలో నాకు ఎవరితోనూ పేచీ లేదు. పనిచేస్తుంది. ఐక్యరాజ్యసమితి సైతం 2024 డిసెంబరులో తీర్మానం చేసి, డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించింది. మన దగ్గర కూర్చోవడానికి చోటుకూ కొదవ లేదు. హైదరాబాద్ శివార్లలో లక్ష మంది పడతారని చెప్పుకునే ధ్యాన మందిరంతో కాన్హా శాంతివనం ఉంది, కడ్తాల్‌లో ధ్యాన పిరమిడ్ ఉంది, నాగార్జునసాగర్ రోడ్డులో 1976 నుంచి విపశ్యన ధ్యాన కేంద్రం నడుస్తోంది. కొదవ ఉన్నదల్లా తీరికకే. ధ్యానం మంచిదని చెప్పే పెద్దలు ఎంతో మంది, అది చేసుకోవడానికి మనిషికి తీరిక ఎవరివ్వాలో మాత్రం చెప్పరు.

పోయిన ఏడాది మా మేనల్లుడిని ఒక పెళ్లికి తీసుకెళ్లడానికి వాడు చదివే కార్పొరేట్ జూనియర్ కళాశాల హాస్టల్‌కు వెళ్లాను. ఆరింటి బస్సు అందుకోవాలి కాబట్టి తెల్లవారుజామున ఐదు దాటగానే గేటు దగ్గర ఉన్నాను. రెండో అంతస్తు వరండాలో ట్యూబులైట్ల కింద వంద మంది దాకా పిల్లలు మఠం వేసుకుని వరసగా కూర్చున్నారు. స్పీకరులో వేణువు. హాజరు పట్టీ పట్టుకున్న ఫ్లోర్ ఇన్‌చార్జి వరసల మధ్య తిరుగుతూ, వంగిన వీపులను పెన్నుతో తట్టి నిటారుగా చేయిస్తున్నాడు. గోడకు ఆనుకున్న ఒక పిల్లవాడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. వాడి పక్కవాడి పెదవులు కదులుతుంటే మంత్రమేమో అనుకున్నాను. ఆ రోజు పరీక్షకు ఆర్గానిక్ కెమిస్ట్రీ రియాక్షన్లట, మావాడు తర్వాత చెప్పాడు.

బస్సెక్కాక అడిగాను, ఈ ధ్యానం ఎప్పటి నుంచి అని. “దసరా సెలవుల తర్వాత పెట్టారు మామయ్యా. ఇదివరకు ఐదున్నరకు లేపేవారు, ఇప్పుడు ఐదింటికి లేపుతున్నారు” అన్నాడు. రాత్రి స్టడీ అవర్ పదిన్నర దాకా ఉండేది, ఇప్పుడూ అంతే. పిల్లల మానసిక ఆరోగ్యం కోసం పెట్టిన అరగంటను పిల్లల నిద్రలోంచి కోశారన్న మాట. ఆ మాట చెప్పి కిటికీకి తల ఆనించి, ఊరు వచ్చేదాకా లేవలేదు వాడు.

ధ్యానం మీద నమ్మకం లేక రాస్తున్నానని అనుకోవద్దు. ఎడమ చేతి మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి పట్టుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగం అందుకుంటుంది, నిదానంగా వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవారికి ఇది వేళ్లకు బాగా తెలుస్తుంది. మెదడు నుంచి మెడ గుండా గుండె దాకా దిగే వేగస్ అనే నరం చేసే పని ఇది. గుండె మన మాట వినదు, కానీ ఊపిరి వింటుంది. ఆ ఊపిరి ద్వారా ఒంటిని శాంతపరచవచ్చని, ఊపిరిని గమనించే ఆనాపానసతి ధ్యానం నేర్పినవారు ఏ పరికరమూ లేకుండానే కనిపెట్టారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఆచితూచి ఒక ప్రకటన చేసింది: మందులు, ఆహార నియమాలు, వ్యాయామంతో పాటు ధ్యానాన్నీ జత చేసుకోవచ్చని. అంతకుముందు 2014లో, సుమారు 3,500 మంది మీద జరిగిన 47 ప్రయోగాలను ఒకచోట పోసి జల్లెడ పట్టిన పరిశోధకులు ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయంలో ఓ మాదిరి మేలు నిజంగానే ఉందని తేల్చారు. 2022లో వచ్చిన మరో అధ్యయనమైతే ఆందోళన రుగ్మత ఉన్న 276 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ మాత్ర, రెండో జట్టుకు ధ్యాన శిక్షణ ఇచ్చింది. ఎనిమిది వారాలకు రెండు జట్లూ ఇంచుమించు ఒకే మేరకు కోలుకున్నాయి. (ఇది చదివి మాత్ర మానేయకండి. ఆ సంగతి మీ డాక్టరుతో తేల్చుకోవలసిందే.)

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ అధ్యయనంలో జనం చేసిన ధ్యానం ఎంత? 1979లో జాన్ కబాట్ జిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య కళాశాలలో రూపొందించిన శిక్షణ అది. ఎనిమిది వారాలు, వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన, మధ్యలో ఒక రోజు పూర్తిగా మౌనం. చెప్పింది చెప్పినట్టు చేస్తే లెక్క అరవై గంటలు దాటుతుంది. మాత్రకు సాటి వచ్చింది ఆ అరవై గంటలు. సాయంత్రం మెట్రోలో నిలబడి ఫోనులో వినే ఐదు నిమిషాల గొంతుకు ఆ కీర్తి అంటగడితే ఎలా? యాంటీబయాటిక్ కోర్సులో ఒక్క మాత్రను పదహారు ముక్కలు చేసి, రోజుకో ముక్క మింగించి, మందు వాడుతున్నాం కదా అన్నట్టుంది.

విపశ్యన కేంద్రంలో ఏం చేస్తారో చూడండి. పది రోజులు. వెళ్లగానే ఫోను తీసుకుని దాచేస్తారు. మాటలు బంద్. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకు పది గంటల దాకా కూర్చోబెడతారు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలార్పేస్తారు. తిండికీ బసకూ పైసా అడగరు. ముందు కోర్సు చేసిన వారి విరాళాలతో నడుస్తుంది. అంటే ఊపిరి సంగతి ఎత్తకముందే మనిషి మీద ఉన్న బరువులన్నీ దించి పక్కన పెడతారు. వంట లేదు, బాసు లేడు, ఈఎంఐ గురించి వచ్చే సందేశం లేదు. అక్కడి నుంచి వచ్చినవాళ్ల మొహాల్లో కనిపించే తేటదనంలో సగం ధ్యానానిదైతే సగం సెలవుదని నా అనుమానం.

ఇది పాత సంగతే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఎక్కండి. సముద్రం కేసి చూస్తూ బౌద్ధ భిక్షువుల గదుల పునాదులు వరసగా కనిపిస్తాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, కొండకు ఆ పేరే వాటి వల్ల వచ్చింది. గదికీ తొట్టికీ మధ్య నిలబడితే ఒకటి తడుతుంది. ఆ భిక్షువు కళ్లు మూసుకోవడానికి ముందే ఎవరో అతని నీళ్ల సంగతి, అన్నం సంగతి, వానాకాలం మూడు నెలలు తలదాచుకునే చోటు సంగతి చూసేశారు. ఊరంతా కలిసి కొందరికి తీరిక కట్టబెట్టింది. ఆ ఏర్పాటు సంగతి అవతల పెట్టి, కళ్లు మూసుకోవడం మాత్రం మనం తీసుకున్నాం.

ఇలా తీసుకుంటే ఫలితం ఎలా ఉంటుందో బ్రిటన్ కొలిచి చూసింది. పదకొండు నుంచి పదమూడేళ్ల పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద పరిశీలన 2022లో వెలువడింది. బడిలో ధ్యాన పాఠాలు విన్నవారికీ మామూలు పాఠాలు విన్నవారికీ మానసిక ఆరోగ్యంలో తేడా కనబడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. పిల్లలు కదా! 2024లో పెద్దల వంతు వచ్చింది. 46,000 మందికి పైగా ఉద్యోగుల సమాధానాలు పరిశీలిస్తే, కంపెనీ ఇచ్చిన ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు తీసుకున్నవారు తీసుకోనివారి కంటే మెరుగ్గా ఏమీ లేరు.

అయినా ఐదు నిమిషాలు చేస్తే నష్టమేముంది, ఏమీ చేయనిదాని కంటే మేలే కదా అంటారు కొందరు. పని గంటలు తగ్గించడం మన చేతిలో లేదు, ఊపిరి మన చేతిలో ఉంది అనీ అంటారు. మొదటి మాట నిజమే, ఎవరికి వారు చేసుకుంటే. కానీ ఆ ఐదు నిమిషాలు యాజమాన్యం చేతిలో పడినప్పుడు దాని అర్థం మారుతుంది. ‘నీకు యాప్ ఇచ్చాం, ఇంకా ఒత్తిడి అంటున్నావంటే లోపం నీలోనే ఉంది’ అన్న నింద తయారవుతుంది. రెండో మాట మీద మాత్రం నాకు తగాదా ఉంది. పని గంటలు వాటంతటవే పెరగవు, ఎవరో పెంచితేనే పెరుగుతాయి.

2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో మూడు లక్షల మందితో యోగా దినోత్సవం జరిగింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ గరిష్ఠ పని గంటలను 9 నుంచి 10కి పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. జూలైలో తెలంగాణ కూడా వారానికి 48 గంటల పరిమితి ఉంచి, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు అనుమతిచ్చింది. ఒక చేత్తో చాప పరిచి ఇంకో చేత్తో గంట లాక్కోవడం ఇది. పది గంటల పనికి హైదరాబాద్ ట్రాఫిక్ రెండు గంటలు, భోజన విరామం ఒకటి కలపండి. మిగిలిన పదకొండు గంటల్లో నిద్ర, వంట, పిల్లల హోంవర్కు, అమ్మకు ఫోను. ముప్పావు గంట మౌనం ఏ సందులో దూరుతుంది?

ఆడవాళ్ల లెక్క వేస్తే ఇంకా ఇరుకు. కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అదే పనుల్లో చేయి వేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఉదయం నాలుగున్నరను బ్రహ్మముహూర్తమని, ధ్యానానికి శ్రేష్ఠమని మనం వింటూ ఉంటాం. చాలా ఇళ్లలో ఆ వేళకు స్టవ్ వెలిగి ఉంటుంది. ఆ ఇంటి మగవాడు ప్రశాంతంగా కళ్లు మూసుకున్నాడంటే, అవతల గదిలో కుక్కరు కూతలు లెక్కపెడుతున్న మనిషి ఆయనకు ఆ అరగంట ధారపోసిందని అర్థం.

పిల్లల విషయంలో చట్టం కొంత కదిలింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. కౌన్సెలర్‌కు జీతం ఇవ్వాలి, వేణువు క్యాసెట్టుకు అక్కర్లేదు. ఏది ముందు వస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు.

పెళ్లి అయ్యాక మావాడిని హాస్టల్లో దిగబెట్టి ప్రిన్సిపాల్‌ను కలిశాను. ధ్యానం పెట్టినందుకు సంతోషమనే చెప్పాను. ఆ అరగంటను నిద్రలోంచి కాకుండా స్టడీ అవర్‌లోంచి తీసి, రాత్రి పదింటికే పుస్తకాలు మూయించి కూర్చోబెట్టండి అని అడిగాను. ఆయన నవ్వి, టేబుల్ మీదున్న ప్రాస్పెక్టస్ నా వైపు తిప్పారు. రోజువారీ స్టడీ అవర్లు ఎన్నో ఎర్రటి పెద్ద అంకెల్లో వేసి ఉన్నాయి. “ఇందులో అరగంట తగ్గిస్తే మీరే ఊరుకోరండీ” అన్నారు. నేను ఊరుకుంటానని చెప్పాను. “మీరు మేనమామ. ఫీజు కట్టేది వాళ్ల నాన్నగారు కదా, ఆయనతో ఒక మాట చెప్పించండి” అన్నారు. బావగారికి ఆ రాత్రే ఫోను చేశాను. అంతా విని, “అవును గానీ, పక్క కాలేజీలో ఎన్ని గంటలట?” అని అడిగాడు.