వంతెన దాటే ముందు నది ఎటు పోతోందో చూడండి

విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా కారులో వెళ్లొచ్చిన వాళ్లను సముద్రం ఎన్నిసార్లు కనిపించిందని అడిగి చూడండి. చాలామంది తడుముకుంటారు. తీరం వెంటే వెళ్లామని అనుకుంటారు గానీ, ఆనందపురం దాటాక 16వ నంబరు జాతీయ రహదారి సముద్రానికి దూరంగా లోపలి నుంచే సాగుతుంది. ఒక పక్క కొండలు, ఇంకో పక్క జీడితోటలు, సరుగుడు తోటలు, మధ్యలో టోల్‌గేట్లు, ధాబాలు. అలల చప్పుడు మాత్రం వినపడదు.

ఈ తీరంలో జనానికి పెద్దగా తెలియని చోట్లు ఎలా పట్టుకోవాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. ఫోన్లో బీచ్‌ల పేర్లు వెతక్కండి, వంతెనలు లెక్కపెట్టండి. తగరపువలస దగ్గర గోస్తనీ, నాతవలస దగ్గర చంపావతి, శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార, చివర్లో ఇచ్ఛాపురం దగ్గర బాహుదా. వీటిలో ఏ వంతెన దగ్గరైనా హైవే దిగి, నీళ్లు పారే వైపు పదిహేను ఇరవై కిలోమీటర్లు వెళ్లండి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దాదాపు ప్రతిసారీ ఒక పాత ఊరు కనిపిస్తుంది. ఇప్పుడు మనకు చిన్న చేపల పల్లెలా కనిపించే ఆ ఊళ్లలో కొన్ని ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవులు.

కారణం తేలికే. రోడ్లు, రైళ్లు లేని రోజుల్లో సరుకు నది మీద పడవల్లో దిగి, మొగ దగ్గర ఓడ ఎక్కేది. భీమిలి, కళింగపట్నం, బారువ అలా బతికిన ఊళ్లే. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ రైలుమార్గం లోపలి నుంచి పడింది. 1933లో విశాఖ హార్బర్ మొదలయ్యాక పెద్ద ఓడలన్నీ అక్కడికే చేరాయి. రేవుల్లో వ్యాపారం ఎండిపోయింది. తర్వాత వేసిన హైవే కూడా రైలు పట్టాల దారే పట్టింది. అందుకే ఈ ఊళ్లు మనకు తెలియవు. ఈ లెక్క ఒకసారి అర్థమైతే ఎక్కడ మలుపు తిరగాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

భీమిలి గురించి ఎక్కువ చెప్పను, విశాఖవాసులకు తెలిసిందే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల్లో మాత్రం దయచేసి గోడల్లాంటి ఆ మట్టిని ఎక్కకండి, గోకకండి. వేల ఏళ్లపాటు గాలి, వాన చెక్కిన ఇసుక అది, చేతితో రాస్తే రాలిపోతుంది.

నాకు ఇష్టమైనది వంశధార మొగ. గార మండలం ఒక్కదానికే ఒక పూర్తి రోజు పెట్టుకోవచ్చు. శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో ఉంటాడు, పడమటి వైపు చూస్తాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి, మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలు ఉన్నాయి. అక్కడి నుంచి వంశధార ఒడ్డుకు వెళ్తే శాలిహుండం కొండ.

శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం పోరాడిన ఆ పెద్దాయన ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనలో ఎంతమంది ఈ కొండ ఎక్కి ఉంటారు? మెట్లెక్కి పైకి వెళ్తే ఇటుకల స్తూపాలు, కింద వెడల్పుగా పరుచుకున్న నది. ఇక్కడ దొరికిన విగ్రహాల్లో తారాదేవి ఉంది. ఓడ మునిగే ఆపదతో సహా ఎనిమిది భయాల నుంచి కాపాడే తల్లి అని ఆమెను కొలిచేవారు. రేవుకు పైన, నది మీద వచ్చీపోయే పడవలు కనిపించే కొండ మీద ఆ తల్లి ఎందుకు వెలిసిందో నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే. నేను వెళ్లినప్పుడు సాయంత్రం నాలుగయింది. లైట్‌హౌస్ చూసి, నీళ్లలోకి దిగుదామని చెప్పులు విప్పాను. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "బాబూ, మొగ దగ్గర దిగకండి. నిన్నున్న ఇసుక ఇయ్యాల ఉండదు" అన్నాడు. చేతిలో వల ఆపలేదు. ఎడమ కాలి బొటనవేలికి వల చివర తగిలించి బిగించి, తెగిన కన్ను దగ్గర నైలాన్ దారంతో ముడి వేస్తున్నాడు. ఏటి నీరు, పోటు నీరు ఎదురెదురు వచ్చే చోట అడుగు ఇసుక రోజురోజుకీ జరుగుతుందని, పైకి మోకాలిలోతు కనిపిస్తూనే పక్కన నిలువులోతు ఉంటుందని ఓపిగ్గా చెప్పాడు. అక్కడ హెచ్చరిక బోర్డు నాకేదీ కనిపించలేదు. ఆ మనిషి ఆ పూట అక్కడ లేకపోతే నేను దిగేవాణ్నే.

అందుకే 'ఎవరికీ తెలియని బీచ్' అని వీడియోలు పెట్టేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. విశాఖ పక్కనున్న రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) దక్కింది, దాంతో పాటు లైఫ్‌గార్డులు, మరుగుదొడ్లు, చెత్తబుట్టలు వచ్చాయి. మొగల దగ్గర ఇవేవీ లేకుండానే జనాన్ని పంపుతున్నాం. ఈత కోసం వచ్చిన కుర్రాళ్లు తిరిగి రాని వార్త ప్రతి వేసవిలోనూ చదువుతున్నాం. ప్రభుత్వం రిసార్టు కట్టే ముందు తెలుగులో ఒక బోర్డు, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి, నీళ్ల గురించి తెలిసిన స్థానిక మత్స్యకార యువకుడికి కాపలా ఉద్యోగం ఇస్తే చాలు. ఖర్చు కూడా తక్కువే. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు ఈ తీరానికి జనాన్ని ఎలాగూ తెస్తాయి. ఆ రద్దీ మొదలవకముందే ఈ పని జరగాలి.

చలికాలంలో అయితే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఆగండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి రెట్టలు, వాసన, గోల అన్నీ భరిస్తూ ఊరు వాటిని చూసుకుంటోంది. అక్కడి నుంచి నౌపడ ఉప్పుమళ్లు దాటి పైకి వెళ్తే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి కొబ్బరితోటలు కూకటివేళ్లతో కూలిపోయాయి. తోట ఎంత పచ్చగా కనిపించినా, దాన్ని నిలబెట్టుకోవడానికి పడ్డ కష్టం, ఇంటింటినీ పీడించిన కిడ్నీ జబ్బు కారు అద్దంలోంచి కనపడవు. బోండాం తాగడానికి ఆగినప్పుడు బేరం ఆడకుండా ఇవ్వండి.

చివరగా బారువ, మహేంద్రతనయ మొగ. రాత్రి దగ్గర్లో ఎక్కడైనా ఉండి, జనవరి నుంచి మార్చి మధ్యలో తెల్లవారకముందే ఒడ్డుకు వెళ్లండి. ఫోన్ లైటు వేయకండి. వెలుగు వచ్చాక ఇసుకలో చిన్న ట్రాక్టరు నడిచినట్టు ఒక చార నీళ్ల నుంచి పైకి వచ్చి, కాస్త దూరంలో చుట్టు తిరిగి, మళ్లీ నీళ్లలోకి పోయి ఉంటే రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి వెళ్లిందని అర్థం. చార చుట్టు తిరిగిన చోట ఇసుక కింద గుడ్లు ఉండొచ్చు. ఆ చోటు తొక్కకుండా పక్క నుంచి నడవండి.